పరవాడ క్యూసీ ఉద్యోగం మానేసి యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ మీద పీహెచ్‌డీకి వెళ్ళాలా అని అడిగిన అమ్మాయికి

అడిగింది ఇదీ: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ అయి మూడేళ్ళు, వయసు 26, పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీలో మైక్రో క్యూసీ (సూక్ష్మజీవులు చేరాయా అని చూసే నాణ్యత పరీక్షల పని), పొద్దున్నే ఎన్ఏడీ దగ్గర కంపెనీ బస్సు ఎక్కడం, గాలిలో సూక్ష్మజీవుల్ని పట్టే సెటిల్ ప్లేట్లు పెట్టడం, కౌంట్లు రాయడం, లాగ్‌బుక్‌లో సంతకాలు. ఇప్పుడు జబ్బు చేసే బ్యాక్టీరియా, యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ (మందుకి లొంగకపోవడం) మీద మాలిక్యులర్ సైడ్‌లో, అంటే జీన్ల స్థాయిలో, పీహెచ్‌డీ చేయాలనుంది. ఈ మూడేళ్ళూ వేస్టేనా, ఏ టాపిక్ తీసుకోవాలి, వైజాగ్‌లోనే ఉండాలా బయటికి పోవాలా, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు ఏం చెప్పాలి.

నేను పీహెచ్‌డీ ఇక్కడే చేశా, 2011లో చేరా, క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ప్లాస్మిడ్ల మీద, అంటే ప్రధాన డీఎన్ఏకి వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్టల మీద. ఇప్పుడు ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఉన్నా, ఏడాదికి ఇద్దరు ముగ్గురు స్టూడెంట్స్ వచ్చి బెంచ్ మీద కూర్చుంటారు, వాళ్ళని నువ్వు అనే పిలుస్తా కాబట్టి నిన్నూ నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకమ్మా.

ముందు టాపిక్ సంగతి. ఈ సబ్జెక్ట్‌లో ఇబ్బంది ఏంటంటే మెటీరియల్ మరీ ఈజీగా దొరికేస్తుంది. ఏ పెద్దాసుపత్రి ఐసీయూ శాంపిళ్ళు వారం రోజులు పట్టుకున్నా చాలు, ఏ మందుకీ లొంగని అసినెటోబ్యాక్టర్, క్లెబ్సియెల్లా ఫ్రీజర్ నిండా వచ్చేస్తాయి. దాంతో ఏమవుతుందంటే అందరూ ఒకటే థీసిస్ రాస్తారు, 200 శాంపిళ్ళు తీసుకున్నాం, ఇంత శాతం ఈ. కొలై, అందులో ఇంత శాతం ఈఎస్‌బీఎల్ (చాలా యాంటీబయాటిక్స్‌ని విరిచే ఎంజైమ్) ఉన్నవి, నాలుగు ప్రైమర్లతో పీసీఆర్ (జీన్ ఉందా అని చూసే పరీక్ష), ఒక జెల్ ఫోటో, చివర్లో యాంటీబయాటిక్స్ విచక్షణతో వాడాలి అని ఒక పేరా. కొండను తవ్వి ఎలుకని పట్టడం అంటే ఇదే, పైగా ఆ ఎలుకని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు ఎప్పుడో పట్టేశారు, 2013 నుంచి వాళ్ళకి దేశవ్యాప్త సర్వైలెన్స్ నెట్‌వర్క్ ఉంది, ఏటా రిపోర్ట్ వస్తుంది, నీ 200 శాంపిళ్ళు దానికి కొత్తగా కలిపేదేం లేదు. రెసిస్టెన్స్ ఎంత ఉందో లెక్కపెట్టడానికి అయిదేళ్ళు ధారపోయకు. ఈ బ్యాక్టీరియా దీన్ని ఎలా మోస్తోంది, మందు ఆపేసినా ఎందుకు వదలట్లేదు, పక్క బెడ్ మీద వేరే జాతి బ్యాక్టీరియాకి ఎలా అంటించింది, ఇలాంటి ప్రశ్న ఒకటి పట్టుకో.

ఇప్పుడు నీ మూడేళ్ళ క్యూసీ. వేస్ట్ అనుకుంటున్నావు చూడు, దాని విలువ నాకెలా తెలిసిందో చెప్తా. చేరిన మొదటేడాది, ఆగస్టు నెల, వైజాగ్ ఆగస్టు గాలి నీకు చెప్పక్కర్లేదు, ఉతికిన బట్ట రెండ్రోజులకి గానీ ఆరదు. సూడోమొనాస్ ఐసొలేట్లకి (శాంపిళ్ళ నుంచి వేరుచేసిన బ్యాక్టీరియాకి) డిస్క్ డిఫ్యూజన్ పెడుతున్నా, అంటే బ్యాక్టీరియా పూసిన ప్లేట్ మీద మందు బిళ్ళ పెట్టి, చుట్టూ ఎంత మేర పెరగలేదో కొలవడం. పదకొండు స్ట్రెయిన్లు వరసగా ఇమిపెనెమ్ అనే యాంటీబయాటిక్‌కి రెసిస్టెంట్, దాని చుట్టం మెరోపెనెమ్‌కి మాత్రం సెన్సిటివ్ (లొంగేవి) వచ్చాయి. నాకు ఒళ్ళు తెలీలేదు ఆనందంతో. ఎందుకంటే పుస్తకంలో దీనికి ముచ్చటైన వివరణ ఉంది, సూడోమొనాస్ పై పొరలో ఓపీఆర్‌డీ అని ఒక గుమ్మం లాంటి ప్రోటీన్ ఉంటుంది, ఇమిపెనెమ్ ప్రధానంగా ఆ గుమ్మంలోంచే లోపలికి పోతుంది, బ్యాక్టీరియా ఆ గుమ్మం మూసేసుకుంటే ఇమిపెనెమ్ పనిచేయదు, మెరోపెనెమ్ మీద దెబ్బ అంతగా పడదు. సరిగ్గా అదే కదా నాకు వచ్చింది. ప్రైమర్లు ఆర్డర్ పెట్టేశా, జీన్ ఆంప్లిఫై చేశా, సీక్వెన్సింగ్‌కి, అంటే జీన్ అక్షరాలు చదివించడానికి, బయటికి పంపా, మా గైడ్ సార్ డబ్బులతో. రిపోర్ట్ వచ్చింది, పదకొండింట్లోనూ జీన్ శుభ్రంగా ఉంది, ఒక్క అక్షరం తేడా లేదు చెప్పుకోదగ్గది.

సార్ ఒక్కటే మాట అడిగారు, ఏటీసీసీ 27853 పెట్టావా అని. అది సూడోమొనాస్‌కి కంట్రోల్ స్ట్రెయిన్, ఇమిపెనెమ్ డిస్క్ చుట్టూ జోన్, అంటే బ్యాక్టీరియా పెరగని వలయం, 20 నుంచి 28 మిల్లీమీటర్ల మధ్య రావాలి. మూడు వారాలుగా పెట్టలేదు. పెడితే 15 వచ్చింది. అంటే రెసిస్టెన్స్ బ్యాక్టీరియాది కాదు, డిస్కులది! ఫ్రీజర్లోంచి వయల్ తీసిన వెంటనే మూత తిప్పేదాన్ని, ఆ చల్లటి డిస్కుల మీద మన ఊరి గాలిలో తేమంతా మంచులా పట్టేది, మళ్ళీ మూతపెట్టి లోపల పెట్టేసేదాన్ని, ఇమిపెనెమ్ తేమకి నీరసపడిపోయే మందు, మూడు వారాల్లో సగం చచ్చింది. మెరోపెనెమ్ వయల్ అప్పుడే కొత్తది విప్పాం కాబట్టి అది బాగానే ఉంది. వయల్ గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు, లోపల సిలికా జెల్ రంగు మారిందా చూసుకోవాలి, ఇంతే, ఇది ఏ మాలిక్యులర్ బయాలజీ పుస్తకంలోనూ ఉండదు.

నీకు ఇది చదివితే నవ్వొస్తుంది, ఎందుకంటే మీ దగ్గర గ్రోత్ ప్రమోషన్ టెస్ట్ (అందులో బ్యాక్టీరియా పెరుగుతుందా అన్న పరీక్ష) చేయకుండా మీడియా లాట్ వాడనివ్వరు, నెగటివ్ కంట్రోల్ లేకుండా రిజల్ట్ రాయనివ్వరు, ఓఓఎస్ (పరిమితి దాటిన రిజల్ట్) వస్తే ముందు నీ పని తప్పా ప్రోడక్ట్ తప్పా అని రోజుల తరబడి పీకుతారు. ఆ విసుగే నీ చదువు. పీసీఆర్ నేర్పడానికి నాకు రెండు వారాలు చాలు, కంట్రోల్ రాని రోజు రిజల్ట్ చింపేసే బుద్ధి నేర్పడానికి ఒక్కోసారి రెండేళ్ళు పడుతుంది, కొంతమందికి అప్పటికీ రాదు. ఇంటర్వ్యూలో క్యూసీలో చేశాను అని గొంతు తగ్గించి చెప్పకు.

ఇక ప్రశ్న ఎలా పుడుతుందో నా కథే చెప్తా, ఎందుకంటే నాదీ మొదట్లో ఆ 200 శాంపిళ్ళ థీసిసే. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. అప్పటికి నాలుగో ఏడాది. ఊరంతా చెట్లు పడిపోయాయి, మా వైపు కరెంటు రావడానికి వారం పైనే పట్టింది, పాల ప్యాకెట్‌కి క్యూ, పెట్రోల్‌కి క్యూ, జనరేటర్‌కి డీజిల్ అడిగితే ఆసుపత్రులకే లేదు పో అన్నారు, న్యాయమే. మైనస్ 80 ఫ్రీజర్ తలుపు తీయకుండా టేపు వేసి ఉంచాం, మూడో రోజుకి కింద నీళ్ళు కారడం మొదలైంది. క్లెబ్సియెల్లా మొండిది కాబట్టి గ్లిసరాల్ వయల్స్‌లో చాలావరకు బతికాయి గానీ, అన్నీ మళ్ళీ టెస్ట్ చేసుకుంటూ పోతే నాలుగు స్ట్రెయిన్లు మారిపోయి ఉన్నాయి. అంతకుముందు మెరోపెనెమ్ మిల్లీలీటరుకి 32 మైక్రోగ్రాముల్లో పెరిగినవి ఇప్పుడు ఒకటిలో కూడా పెరగట్లేదు. ఎన్‌డీఎం (మెరోపెనెమ్ లాంటి మందుల్ని విరిచే ఎంజైమ్) జీన్ మోసే ప్లాస్మిడ్ పోయింది. తుఫాను వల్లే పోయిందా, అంతకుముందే నేను పదిసార్లు సబ్‌కల్చర్ చేయడం (కొత్త ప్లేట్‌కి మార్చి పెంచడం) వల్ల పోయిందా అన్నది తేల్చలేకపోయా, నోట్‌బుక్‌లో పాసేజ్ నంబర్లు (ఎన్నోసారి మార్చానో) రాసుకోలేదు మరి. నేను ఏడుస్తుంటే సార్ అడిగారు, నాలుగు ఎందుకు పోయాయో తర్వాత చూద్దాం, మిగతావాటిలో ఎందుకు పోలేదు?

థీసిస్ అక్కడ మొదలైంది నిజానికి. ప్లాస్మిడ్ అంటే బ్యాక్టీరియాకి బరువు, దాన్ని కాపీ చేయాలి, దాని ప్రోటీన్లు తయారుచేయాలి, అనవసరమైతే దించేసుకోవాలి కదా. యాంటీబయాటిక్ లేని బ్రాత్‌లో (బ్యాక్టీరియాని పెంచే ద్రవంలో) రోజూ వెయ్యికి ఒక వంతు కొత్త బ్రాత్‌లోకి మార్చుకుంటూ పోయా, అలా చేస్తే రోజుకి దాదాపు పది తరాలు, పదిరోజులకి వంద తరాలు. ప్రతిరోజూ ప్లేట్ చేసి, వంద కాలనీలు టూత్‌పిక్‌తో ఒకటి మందున్న ప్లేట్ మీద, ఒకటి లేని ప్లేట్ మీద పొడవడం, రాత్రి కళ్ళు మూసుకుంటే చుక్కలే కనపడేవి. కొన్ని స్ట్రెయిన్లలో అయిదో రోజుకే సగం కాలనీలు ప్లాస్మిడ్ వదిలేశాయి, కొన్నిట్లో పదో రోజుకి కూడా ఒక్కటీ వదల్లేదు. వదలనివాటి ప్లాస్మిడ్ మీద టాక్సిన్-యాంటీటాక్సిన్ జంట దొరికింది, అంటే ప్లాస్మిడ్ విషమూ తయారుచేస్తుంది, విరుగుడూ తయారుచేస్తుంది, విషం ఎక్కువసేపు నిలుస్తుంది, విరుగుడు తొందరగా కరిగిపోతుంది, ప్లాస్మిడ్ అందని పిల్ల కణంలో విరుగుడు అయిపోయి విషం మిగిలి అది చచ్చిపోతుంది లేదా ఎదుగుదల ఆగిపోతుంది. తాళి కట్టించుకున్నాక వదిలితే చంపుతానన్నట్టు. యాంటీబయాటిక్ వాడకం ఆపేస్తే రెసిస్టెన్స్ దానంతటదే పోతుంది అని టీవీలో చెప్తారే, అది అన్నిసార్లూ నిజం కాదు అనడానికి ఇదొక కారణం. ఇంకో కారణం, కొన్ని తరాలు గడిచాక బ్యాక్టీరియా జీనోమ్‌లో చిన్న చిన్న మ్యుటేషన్లు వచ్చి ఆ బరువుకి అలవాటు పడిపోతుంది, తర్వాత మోసినా నొప్పి లేదు.

సీక్వెన్సింగ్ గురించి అడుగుతావు, అడగాలి కూడా. ఇల్యుమినా (డీఎన్ఏ చదివే ఒక మెషిన్) ఒక్కటే చేయిస్తే ఈ ప్లాస్మిడ్ల కథ తెగిపోతుంది, చిన్న చిన్న ముక్కలు చదువుతుంది కదా, రెసిస్టెన్స్ జీన్లకి అటూ ఇటూ రిపీట్ అయ్యే ఇన్సర్షన్ సీక్వెన్సులు ఉంటాయి, అక్కడికొచ్చేసరికి అసెంబ్లీ (ముక్కల్ని అతికే పని) విరిగిపోతుంది, జీన్ ఉందని తెలుస్తుంది గానీ ఏ ప్లాస్మిడ్ మీద ఉందో తెలీదు. నానోపోర్ లాంటి లాంగ్ రీడ్ కలిపితే గుండ్రంగా పూర్తి ప్లాస్మిడ్ వస్తుంది. లైనక్స్ కమాండ్ లైన్ ఇప్పుడే మొదలుపెట్టు, ఉద్యోగంలో ఉండగానే, రాత్రి గంట చాలు. కానీ రెస్‌ఫైండర్‌లో (రెసిస్టెన్స్ జీన్లు వెతికే సాఫ్ట్‌వేర్‌లో) జీన్ కనపడింది కాబట్టి రెసిస్టెంట్ అని రాసేయకు, జీన్ ఉండి ఎక్స్‌ప్రెస్ కాకపోవచ్చు, జీన్ ఏదీ లేకుండా పోరిన్ (మందు లోపలికొచ్చే గుమ్మం) పోయి ఎఫ్లక్స్ (మందుని బయటికి తోడేయడం) పెరిగి రెసిస్టెంట్ అవ్వచ్చు, బెంచ్ మీద ఎంఐసీ (పెరుగుదలని ఆపే కనీస మోతాదు) పెట్టాల్సిందే. అందులోనూ కొలిస్టిన్ అయితే డిస్క్ పెట్టావంటే నవ్వుతారు, పెద్ద అణువు అగార్‌లో సరిగా పాకదు, ప్రామాణిక పద్ధతి బ్రాత్ మైక్రోడైల్యూషన్ (వరస మోతాదుల ద్రవంలో పెంచి చూడటం), ప్లాస్టిక్‌కి కూడా అంటుకుంటుంది ఆ మందు, ఆ తలనొప్పి వేరే.

వైజాగ్‌లోనే ఉంటే ఏం చేయొచ్చు అంటే, చాలా ఉంది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) 1923 నుంచి ఉన్న ఆసుపత్రి, ఉత్తరాంధ్ర మొత్తం, ఒడిశా ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి కూడా పేషెంట్లు వస్తారు, ఇలాంటి చోట క్లినికల్ డేటాతో ముడిపడ్డ ఐసొలేట్లు దొరికితే అంతకన్నా అదృష్టం లేదు. నాకు మనసులో ఉన్న ఇంకో టాపిక్ రొయ్యలు. భీమిలి వైపు తీరం పొడుగునా హేచరీలు, రొయ్యల్లో ఈఎంఎస్ అని రైతులు పిలిచే జబ్బు చేసే విబ్రియో పారాహీమోలైటికస్ అనే బ్యాక్టీరియాకి ఆ విషం జీన్ ఉండేది ప్లాస్మిడ్ మీదే, జబ్బు చేసే గుణమూ మందుకి లొంగని గుణమూ రెండూ ఒకే బండి ఎక్కి ఊరేగుతుంటే ఏమవుతుంది అన్నది మంచి ప్రశ్న. మెలియాయిడోసిస్ (మట్టి, నీళ్ళలో ఉండే బర్ఖోల్డేరియా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు) మీద కూడా ఆశ పుడుతుంది, వానాకాలం, వరి పొలాలు, షుగర్ ఉన్న రైతు, టీబీ అనుకుని మందులు, కల్చర్‌లో పెరిగితే సూడోమొనాస్ కంటామినేషన్ అని పారేయడం, ఇదంతా మనకి బాగా సరిపోయే కథ. కానీ ఆ బర్ఖోల్డేరియాని కల్చర్ చేసి పనిచేయాలంటే బీఎస్ఎల్-3 (ప్రమాదకర సూక్ష్మజీవుల కోసం కట్టుదిట్టంగా కట్టిన ల్యాబ్) కావాలి, లేని చోట ఆ పేరెత్తకు. ఎఫ్లుయెంట్ల (ఫార్మా ఫ్యాక్టరీల మురుగునీళ్ళ) మీద చేయాలని కూడా రాశావు, 2007లో పటాన్‌చెరు దగ్గర ట్రీట్‌మెంట్ ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికిందని స్వీడన్ వాళ్ళు రాశారు, మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదాని కన్నా ఎక్కువ అది. అప్పట్నుంచి ఆ దారిలో చాలామంది నడిచారు. చేస్తే చెయ్యి, కానీ మీ కంపెనీ డ్రైన్ నీళ్ళు పర్మిషన్ లేకుండా బాటిల్‌లో పట్టుకుని ఏ ల్యాబ్‌కీ వెళ్ళకు తల్లీ, ఉద్యోగమూ పోతుంది డేటా కూడా పనికిరాదు.

బయటికి వెళ్ళగలిగితే హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, సెంట్రల్ యూనివర్సిటీ, చండీగఢ్‌లో ఇమ్‌టెక్, వెల్లూరు సీఎంసీ, అన్నీ చూడు. ఊరి కన్నా గైడ్ ముఖ్యం, గైడ్ కన్నా ఫ్రీజర్ ముఖ్యం అంటా నేను. చేరేముందు ల్యాబ్‌కి వెళ్ళి ఐసొలేట్ల రిజిస్టర్ చూపించమని అడుగు. ఏ వార్డు, ఏ తేదీ, ఏ శాంపిల్, అంతకుముందు ఏ మందు వాడారు అన్నది రాసి ఉందా, ఎథిక్స్ కమిటీ పర్మిషన్ ఉందా, స్టాక్‌కి డూప్లికేట్ ఇంకో బిల్డింగ్‌లో ఉందా. నేను హుద్‌హుద్ తర్వాత ప్రతి స్ట్రెయిన్నీ చిన్న స్క్రూ క్యాప్ సీసాలో అగార్‌లో స్టాబ్ చేసి (సూదితో పొడిచి నాటి) చీకటి అల్మారాలో కూడా పెడతా, కరెంటుతో పనిలేదు దానికి. తర్వాత ఆ ల్యాబ్‌లో చివరగా బయటికొచ్చిన ఇద్దరికి ఫోన్ చెయ్యి, ఎన్నేళ్ళు పట్టింది, సార్ డ్రాఫ్ట్ ఎన్నాళ్ళకి చదివిచ్చేవారు, సీక్వెన్సింగ్ డబ్బులు ఎవరు పెట్టారు, ఈ మూడూ చాలు.

డబ్బుల విషయం. సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్ (జాతీయ పరీక్ష రాసి తెచ్చుకునే రీసెర్చ్ ఫెలోషిప్) కొట్టుకుని వెళ్ళు, 2023 జనవరి నుంచి నెలకి 37,000, రెండేళ్ళ తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలో) అయితే 42,000, హాస్టల్ లేకపోతే హెచ్ఆర్ఏ అదనం. డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) వాళ్ళ బెట్ పరీక్ష, ఐసీఎంఆర్ జేఆర్ఎఫ్ కూడా రాయి. సీఎస్ఐఆర్‌లో వయసు పరిమితి దగ్గర ఆడవాళ్ళకి 5 ఏళ్ళ సడలింపు ఉంది, కంగారు పడకు. స్టేట్ యూనివర్సిటీలో అయితే ఆర్‌సెట్ (రాష్ట్ర పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష) దారి ఉంది, సీటు రావచ్చు, ఫెలోషిప్ దానితో రాదు. సొంత ఫెలోషిప్ ఉన్న స్టూడెంట్‌ని ఏ గైడూ చులకనగా చూడరు, ఇది మాత్రం రాసిపెట్టుకో. ఫెలోషిప్ లేకుండా, ప్రాజెక్ట్ వస్తుందిలే చేరు అన్న మాట మీద చేరకు, ఆ ప్రాజెక్ట్ కోసం ఎదురుచూసి మూడేళ్ళు ఇంటి డబ్బుతో నెట్టుకొచ్చిన పిల్లని నేను చూశా.

తర్వాత ఉద్యోగాలా, నిజం చెప్పాలంటే ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, పోస్ట్‌డాక్‌కి బయటి దేశం వెళ్ళాల్సిరావచ్చు. అయితే కొత్త మందుల వైపు మన దేశంలో పనే లేదనుకోకు, ఎన్మెటాజోబాక్టామ్ అనే బీటా-లాక్టమేజ్ ఇన్హిబిటర్ (మందుని విరిచే ఎంజైమ్‌ని అడ్డుకునేది) చెన్నైలో ఆర్కిడ్ వాళ్ళ దగ్గర పుట్టింది, సెఫిపైమ్‌తో కలిపి 2024 ఫిబ్రవరిలో అమెరికాలో అప్రూవల్ వచ్చింది. ఎన్‌డీఎం మీద మాత్రం అది పనిచేయదు, అక్కడ ఇంకా చాలా పని మిగిలుంది. ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ కంట్రోల్, డయాగ్నస్టిక్స్ కంపెనీలు కూడా ఇప్పుడు మాలిక్యులర్ వచ్చినవాళ్ళని అడుగుతున్నాయి. నాకైతే మన వీధుల్లో ప్రతి జ్వరానికీ ఒక్క వైడాల్ రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అని తేల్చి అయిదు రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఎక్కించడం ఆపగలిగే చవక టెస్ట్ ఎవరైనా కనిపెడితే కాళ్ళకి దండం పెట్టాలనుంది, మా పెద్దనాన్నకి ఏడాదిలో నాలుగుసార్లు వచ్చిందట టైఫాయిడ్!

పెళ్ళి. ఇంట్లో వాళ్ళకి ఇది అంతులేని చదువు అనిపిస్తుంది, యూజీసీ 2022 రూల్స్ ప్రకారం కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠం 6, ఆడవాళ్ళకి ఇంకో రెండేళ్ళు అడిగే వీలుంది, మొత్తం పీహెచ్‌డీలో 240 రోజుల దాకా మెటర్నిటీ, చైల్డ్ కేర్ లీవు కూడా ఉంది, ఈ అంకెలు వాళ్ళకి చూపించు, భయం సగం తగ్గుతుంది. నాకు రెండో ఏడాదిలో అయింది పెళ్ళి, చదువు ఆగలేదు. ఒక్కటి మాత్రం చూడ్డానికి వచ్చినవాళ్ళకి ముందే చెప్పించు, శనివారం పెట్టిన ప్లేట్లు ఆదివారం పొద్దున్న చూడాలి, 16 నుంచి 18 గంటల్లో చదవాలి, చుట్టాలొచ్చారని బ్యాక్టీరియా ఆగదు అని. మా అత్తగారికి అప్పుడు ఎవరూ చెప్పలేదు, పెళ్ళయిన మూడో ఆదివారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం, నేను పీటల మీంచి లేచి జోన్లు కొలవడానికి వెళ్తానన్నా.